పన్ను మీద పన్ను

వంటింటి బల్ల దగ్గర నుంచి
సోమవారం

తమ్ముడూ,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, ఒక్క ముక్క వినిపించుకోవు, ఆఖరికి "సరే అక్కా, జాగ్రత్త" అని పెట్టేస్తావు. పళ్ళు అరగదీసే మిషను ముందు ఇన్నేళ్ళు కూర్చుని చెవులు పోగొట్టుకున్న మనిషివి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నింపాదిగా చదువుకో, మరదలికి కూడా వినిపించు.

సంగతేమిటంటే, పై వరసలో ముందున్న నాలుగు పళ్ళూ కదులుతున్నాయి. షుగరు వల్ల చిగుళ్ళు పాడయ్యాయట. రొట్టె కొరకబోతే పన్ను ముందుకీ రొట్టె వెనక్కీ పోతున్నాయి. నీకు పని పంపించే డాక్టరమ్మకే చూపించాను. "ఇక వీటిని ఉంచి లాభం లేదమ్మా. తీసి పెట్టుకునే పళ్ళు కావాలో, ఎముకలో మర దింపి బిగించే ఇంప్లాంట్లు కావాలో మీ తమ్ముణ్ణే అడగండి. ఏదైనా ఆ పళ్ళు చేసేది ఆయనే కదా" అంది. ఈ వయసులో నాకివన్నీ ఎందుకురా అంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు. నాన్నని చూసుకునే మనిషివి, నువ్వు తిండి మానేసి కూర్చుంటే ఎలా అని పోట్లాడుతోంది.

మీ బావ బాగానే ఉన్నారు. నీ పెళ్ళి ఫోటోలు ఇంకా కడగలేదనీ, నువ్వేమనుకుంటున్నావో అనీ మొన్న తెగ ఇదైపోయారు. నవ్వుకో.

అక్క


ల్యాబు నుంచి
మధ్యాహ్నం, పని ఆపి

అక్కా,

ఇంప్లాంట్లే పెట్టించుకో. మరో మాట లేదు. తీసి పెట్టుకునే పళ్ళు జీవితమంతా నేనే చేశాను, కాబట్టి వాటి సంగతి నాకు తెలుసు. తుమ్మితే ఊడతాయి, నవ్వితే జారతాయి. గ్లాసులో వేసి పడుకున్నవాళ్ళు పొద్దున్న గ్లాసు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటారు. నీకెందుకా బాధ?

భయపడాల్సిందేమీ లేదు. పాత పళ్ళు తీసేసి, చిగుళ్ళు మానాక ఎముకలో రెండు చిన్న మరలు దింపుతారు. ఎముక వాటిని మెల్లగా పట్టుకుంటుంది. దానికి కొన్ని నెలలు పడుతుంది, తొందరపెడితే లాభం లేదు. షుగరు మాత్రం అదుపులో పెట్టుకోవాలి, లేకపోతే ఎముక పట్టదు. మర గట్టిపడ్డాక డాక్టరమ్మ నీ నోటి అచ్చు తీసి నాకు పంపిస్తుంది. నాలుగు పళ్ళూ కలిపి ఒకే ముక్కగా నా చేత్తో చేసి పంపిస్తాను. వాటిని మరలతోనే బిగిస్తుంది, సిమెంటుతో కాదు. రేపు ఏ మరమ్మతు వచ్చినా విప్పుకోవచ్చు.

ఈ బల్ల మీద ఊళ్ళో వాళ్ళందరికీ పళ్ళు చేశాను. మా అక్కకి చేసే యోగం ఇప్పటికి పట్టింది.

బావకి నా జుట్టు తెల్లబడ్డాక కూడా నా పెళ్ళి ఫోటోల మీద జోకులు తగ్గలేదన్నమాట. తన ఫోటో స్టూడియో మూసేసినా మనిషి మారలేదు. పళ్ళ మేస్త్రీ అని నన్ను వెక్కిరిస్తూ ఒక ముక్క రాయమను, ఆయన రాత చూసి చాలా రోజులైంది.

నీ తమ్ముడు


వంటింటి బల్ల దగ్గర నుంచి
వాన వెలిసిన రోజు

ఒరేయ్ తమ్ముడూ,

పళ్ళు తీసేశారు, మరలు దింపేశారు. నొప్పి కన్నా ఆ మిషను చప్పుడుకే ప్రాణం పోయిందనుకో. ఇప్పుడు వాపు తగ్గింది. ఎముక బాగానే పడుతోందని డాక్టరమ్మ అంటోంది. ఈలోగా పెట్టుకోమని తీసి పెట్టుకునే పళ్ళ సెట్టొకటి ఇచ్చింది, పెట్టుకుంటే చాలు డోకు వస్తోంది. డ్రాయర్లో పడేశాను.

బోసి నోరు ఎవరికీ చూపించలేక చెయ్యి దించడం లేదు. మందుల షాపుకి వెళ్ళినా చెయ్యి అడ్డమే, మెట్ల మీద పక్కింటావిడ పలకరించినా చెయ్యి అడ్డమే. మాట్లాడితే గాలి పోతోంది. "సరిపోయింది" అంటే ఏమన్నానో నాకే తెలియడం లేదు. మీ బావ మాత్రం నన్ను చూసి హాయిగా నవ్వుతున్నారు.

ఆయన రాయలేదని అనుకోకు. కళ్ళు నొప్పిగా ఉన్నాయట. తగ్గాక రాస్తారులే.

పళ్ళు ఎలా ఉండాలో చెప్పమని డాక్టరమ్మ చేత కబురు చేశావు. ఎలా ఉంటే ఏంట్రా, నీ ఇష్టం. కూర్చుని ఆలోచించుకునే తీరిక నాకు లేదు. నువ్వేం చేసినా సరే.

అక్క


ల్యాబు నుంచి
పార్సెల్‌తో పాటు

అక్కా,

డబ్బాలో దూది మధ్య ఉన్నాయి నీ పళ్ళు. డాక్టరమ్మ బిగించేదాకా చూడకు. బిగించాక అద్దం ముందు నిలబడి ఒక్కసారి నవ్వు.

నువ్వు ఎలాగూ చూస్తావని తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. తిన్నగా చేశాను. ఆ పన్ను మీద పన్ను లేదు. రెండు ముందు పళ్ళూ పక్కపక్కన బుద్ధిగా కూర్చున్నాయి. చిన్నప్పటి నుంచీ దాని గురించి నువ్వు ఎంత బాధపడ్డావో నాకు తెలుసు. అమ్మ ఎవరొచ్చినా నీకు సైగ చేసేది, చెయ్యి అడ్డం పెట్టుకోమని. ఏదో పెళ్ళిసంబంధానికి పంపాలని ఫోటో తీయించుకోవడానికి బావ స్టూడియోకి వెళ్ళామే, గుర్తుందా? కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి "చెయ్యి తియ్యండి" అన్నాడు. నువ్వు తియ్యలేదు. మళ్ళీ దూరాడు, మళ్ళీ బయటికొచ్చాడు. "ఏవండీ, చెయ్యి తియ్యండి. నేను మనిషిని ఫోటో తియ్యాలి, చేతిని కాదు." నాన్నకి ఒళ్ళు మండింది. ఆ పెళ్ళిసంబంధం కాస్తా పోయి, ఆఖరికి ఆ ఫోటోల మనిషే మా బావ అయ్యాడు. అప్పటి నుంచీ నీ చెయ్యి తియ్యడమే ఆయన ఉద్యోగం.

ఇక ఆ అవసరం ఆయనకీ లేదు, నీకూ లేదు. నోరారా నవ్వు.

నీ తమ్ముడు


ముందు గది నుంచి
ఆదివారం

తమ్ముడూ,

పళ్ళు చాలా బాగున్నాయి. యాపిల్ కొరుక్కుని తిన్నాను. పక్కింటావిడ పదేళ్ళు తగ్గావంది. బిగించిన రోజు అద్దం ముందు నవ్వుతూనే నిలబడ్డాను, నా చెయ్యి కిందే ఉంది. అమ్మ చూసి ఉంటే బాగుండును అనుకున్నాను.

ఇది ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను, ఎందుకంటే లోపలి గదిలోకి ఇప్పుడు నన్ను రానివ్వడం లేదు.

నీ దగ్గర ఒక సంగతి దాచాం. మీ బావకి మతిమరుపు జబ్బు వచ్చింది. చాలా కాలమైంది. మొదట్లో తాళాలు, కళ్ళజోడు. తరవాత ఊరు. తరవాత అమ్మాయి పేరు. "పళ్ళ మేస్త్రీకి చెప్పకు, జాలిపడితే నేను భరించలేను" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మతి ఉన్నప్పుడు ఆయన అడిగిన ఆఖరి మాట అదేరా, ఎలా కాదనను? నీ పెళ్ళి ఫోటోలు జోకు కాదు. నిజంగానే వాటి కోసం అలమార్లన్నీ వెతికారు.

ఎన్ని మరిచిపోయినా నన్ను మరిచిపోలేదు. కూతుర్ని "ఎవరమ్మా మీరు" అన్న రోజున కూడా నన్ను చూసి "వచ్చావా" అన్నారు. బోసి నోటితో తిరిగినన్నాళ్ళూ నన్ను చూసి నవ్వారు. ఈ పళ్ళు పెట్టుకుని ఇంటికి వచ్చి, ఆయన ముందు నిలబడి నవ్వాను. కుర్చీలోంచి మర్యాదగా లేచారు. "రండి, కూర్చోండి. పాస్‌పోర్టు సైజా, పెద్దదా?" అన్నారు.

నేనే అని చెప్పాను, పేరు పెట్టి చెప్పాను. "మా ఆవిడ బయటికి వెళ్ళిందండీ, వచ్చేస్తుంది" అన్నారు. ఆ రోజు నుంచీ వాకిలి వైపు చూస్తూ కూర్చుంటున్నారు, నా కోసం.

తమ్ముడూ, నాకు పాత పళ్ళు చేసి పంపించు. పన్ను మీద పన్ను ఉన్నవి. మరలు విప్పొచ్చని నువ్వే రాశావు కదా.

అక్క


ల్యాబు నుంచి
మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు ఏడ్చింది. నాకు ముందు కోపమే వచ్చింది. నేను పరాయివాణ్ణా? జాలిపడతాననా? ఆయన్ని ఆటపట్టించి నవ్వించేవాణ్ణి కదా.

కానీ నువ్వు అడిగింది మాత్రం నేను చెయ్యలేను. ఇది జబ్బు అక్కా, పళ్ళ వల్ల వచ్చింది కాదు. ఇవాళ కాకపోతే రేపైనా ఈ రోజు వచ్చేది. దానికి నువ్వు వంకర పళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఏం ఒరుగుతుంది? రేపు అవి చూసి కూడా గుర్తుపట్టకపోతే నీ ప్రాణం ఏమవుతుందో ఆలోచించావా? కొన్నాళ్ళు ఓపిక పట్టు. ఈ మొహానికే అలవాటు పడతాడు.

ఇంకో మాట, నువ్వు తిట్టుకున్నా సరే. నా బల్ల మీద నుంచి తెలిసి తెలిసి ఒక వంకర పన్ను బయటికి పోలేదు. మా అక్క నోట్లోనే మొదలుపెట్టమంటావా?

బావని జాగ్రత్తగా చూసుకో.

తమ్ముడు


ముందు గది నుంచి

నీ పని బాగాలేదని ఎవరన్నార్రా? చాలా బాగుంది. అదే నా కొంప ముంచింది.

అలవాటు పడతాడని రాశావు. విను, ఎలా అలవాటు పడ్డారో. నిన్న పక్క సర్దబోతే లేచి నిలబడి చేతులు జోడించారు. "అమ్మా, మీరు మంచివారిలా ఉన్నారు. కానీ మా ఆవిడ వచ్చే వేళ అయింది. ఈ గదిలో మీరుంటే బాగుండదు. వెళ్ళండి" అన్నారు. నా మొగుడు నా మీద ప్రేమకొద్దీ నన్ను బయటికి పంపిస్తున్నాడు. దీనికి ఎవరితో పోట్లాడాలో చెప్పు.

నా చేతి ముద్ద ముట్టడం లేదు. "ఆవిడ వచ్చాక తింటాను" అంటారు. అమ్మాయి పెడితే రెండు ముద్దలు, అంతే. అంగీ భుజాల మీద వేలాడుతోంది. అమ్మాయి వెళ్ళి ముసలివాళ్ళని ఉంచుకునే హోమ్ ఒకటి చూసి వచ్చింది. తిండి మానేసిన మనిషిని ఇంట్లో ఉంచి చంపుకుంటామా అని ఏడుస్తోంది. దాని తప్పేం లేదు. నెలాఖరుకి గది ఖాళీ అవుతుందట.

ఆయన అక్కడికి వెళ్ళిపోతే ఇక వాకిలి వైపు చూస్తూనే పోతారు. నేను ఎదురుగా కూర్చున్నా సరే నేను రాలేదనుకునే పోతారు. నాకు అందం వద్దు తమ్ముడూ. నాకు నా మొహం కావాలి. చెయ్యలేకపోతే చెప్పు, ఇంకెవర్నయినా బతిమాలుకుంటాను.

అక్క


ల్యాబు నుంచి
పార్సెల్‌తో పాటు

అక్కా,

ఇంకెవర్నీ బతిమాలక్కర్లేదు. డబ్బాలో ఉన్నాయి.

ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. ఎందుకో చెబుతాను. నా కుడి చెయ్యి వణుకుతోంది. ఏడాది పైనే అయింది. నీ మొదటి సెట్టుకే మైనపు నమూనా మూడుసార్లు పాడుచేశాను. ఇక పని మానెయ్యమని మీ మరదలు గొడవ. నీకు చెప్పలేదు. మీరు దాచారని అరిచినవాణ్ణి నేనూ దాచాను.

పని నేర్చుకునే రోజుల్లో నీ నోటికి అచ్చు తీశాను, గుర్తుందా? నా మొట్టమొదటి అచ్చు. నువ్వు ఊపిరాడక నా చొక్కా చింపేశావు. అందులో పోసి తీసిన ప్లాస్టర్ ముక్క ఇంకా నా అలమార్లోనే ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను. దాన్ని తీసి కడిగి ఎదురుగా పెట్టుకున్నాను.

వంకర చెయ్యడం సులువనుకున్నాను, వణికే చెయ్యి దానికి పనికొస్తుందిలే అని నవ్వుకున్నాను కూడా. కాదక్కా. తిన్నటి పన్ను కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. నీ పన్ను కొంచెం తిరిగి, అంచు మాత్రం పక్కదాని మీద ఎక్కి, కింద సందు వదిలి ఉంటుంది. వెంట్రుక వాసి తేడా వస్తే అది ఎవరిదో అవుతుంది, నీది కాదు. మీ మరదలు నా మణికట్టు బల్లకి అదిమి పట్టుకుంటే చెక్కాను. ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన పని చెయ్యలేదు. ఇక చెయ్యను కూడా. ల్యాబు మూసేస్తున్నాను.

గుర్తుపట్టాలని నేనూ కోరుకుంటున్నాను. వెంటనే రాయి.

తమ్ముడు


లోపలి గది నుంచి

తమ్ముడూ,

పైన చూడు ఎక్కడి నుంచి రాస్తున్నానో.

మొదటి నుంచీ చెబుతాను. డాక్టరమ్మ ఆ తిన్నటివి విప్పి ఇవి బిగించింది. అద్దంలో చూసుకుంటే నాకే ఏడుపొచ్చింది, నేనే మళ్ళీ. పరుగెత్తినట్టు ఇంటికి వచ్చాను. ఆయన ఎదురుగా నిలబడి, రెండు చేతులూ కిందకి పెట్టి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. చూశారు. బాగా చూశారు. "రండి, కూర్చోండి" అన్నారు.

నువ్వు భయపడ్డదే జరిగింది. తరవాత కొన్నాళ్ళపాటు రోజూ ఎదురుగా వెళ్ళి పళ్ళికిలించుకుని నిలబడ్డాను, పిచ్చిదానిలా. "మీకు ఫోటో ఇంకా ఇవ్వలేదా?" అని నొచ్చుకునేవారు. నీకు రాయడానికి మనసు రాలేదు. వణికే చేత్తో చేసి పంపావు, లాభం లేదని ఎలా రాయను?

అమ్మాయి ఆయన బట్టలు పెట్టెలో సర్దింది. హోమ్ వాళ్ళు మర్నాడు పొద్దున్న రమ్మన్నారు. సాయంత్రం నేను గుమ్మంలో నిలబడ్డాను. పెట్టె చూసి అవుట్‌డోర్ ఫోటోలకి బయల్దేరుతున్నామనుకున్నారు పాపం. స్టాండ్ ఎక్కడ, ఫ్లాష్ ఎక్కడ అని హడావిడి. అమ్మాయిని నిలబెట్టి, "గడ్డం ఎత్తండి, ఇంకొంచెం, ఆఁ, మీ వారిని తిట్టబోయే ముందు ఎలా పెడతారో అలా పెట్టండి మొహం" అన్నారు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ మాట! స్టూడియోలో ప్రతి ఇల్లాలినీ అదే అని నవ్వించేవారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వు ఆగలేదు. ఫక్కున నవ్వాను. నవ్వితే, ఇన్నాళ్ళూ పళ్ళు చూపించాలని కిందకి పెట్టుకున్న చెయ్యి దానంతట అదే నోటి మీదికి వెళ్ళిపోయింది.

ఆయన తిరిగి చూశారు.

"చెయ్యి తియ్యి" అన్నారు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

నేను కదల్లేదు. ఆయనే వచ్చి, నా మణికట్టు పట్టుకుని కిందకి లాగి, మొహంలోకి చూశారు. "ఎక్కడికి పోయావు ఇన్నాళ్ళు? ఆకలేస్తోంది" అన్నారు. నేను పెట్టాను, తిన్నారు. అంతా తిన్నారురా. అమ్మాయి పెట్టె విప్పేసి బట్టలన్నీ మళ్ళీ అలమార్లో పెట్టింది.

నాకు ఇప్పుడు తెలిసింది. ఆయన గుర్తుపెట్టుకున్నది పళ్ళని కాదు, వాటికి అడ్డం పెట్టిన చేతిని. పళ్ళు లేనన్నాళ్ళూ చెయ్యి దించలేదు, అందుకే నేనెవరో తెలిసింది. నువ్వు తిన్నటి పళ్ళు పెట్టావు, నాకు దాచుకోవాల్సింది లేకపోయింది, చెయ్యి లేవడం మానేసింది. ముందే తెలిసి ఉంటే కావాలనే పెట్టుకునేదాన్ని. కానీ కావాలని పెట్టుకుంటే ఆయనకి తెలిసేదో లేదో. ఇవి ఉన్నాయి కాబట్టే అది దానంతట అది లేచింది. నీ కష్టం ఊరికే పోలేదు.

మర్నాటికి మళ్ళీ "రండి, కూర్చోండి" అన్నారు. నవ్వొచ్చిన రోజున నేనెవరో తెలుస్తోంది, రాని రోజున తెలియడం లేదు. అందుకని నవ్వు తెచ్చుకుంటున్నాను. నువ్వు వచ్చెయ్యి. ఆయన్ని ఆటపట్టిస్తానన్నావు కదా.

అక్క


ఇంటి నుంచి
అక్కడి నుంచి తిరిగి వచ్చాక

అక్కా,

క్షేమంగా చేరాం. నిన్ను వదిలి రావడానికి మీ మరదలికి కాళ్ళు రాలేదు.

ఆలస్యంగానైనా బావతో ఆ వారం గడిపే అదృష్టం దక్కింది. నన్ను గుర్తుపట్టలేదు, అయినా నా నోట్లోకి తొంగి చూసి "మీ పళ్ళు ఎవరో మంచి మేస్త్రీ చేసినట్టున్నాడే" అన్నాడు. నాకది చాలు. నిద్రలోనే పోయాడు, పెద్దగా బాధ పడలేదు. అదే తలుచుకుని మనసుకి సర్దిచెప్పుకుంటున్నాను.

ఒకటి అడగాలని అక్కడ ఉన్నప్పుడు నోరు రాలేదు. ఆ తిన్నటి పళ్ళు డాక్టరమ్మ దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు ఎవరి కోసమూ వంకరవి పెట్టుకోనక్కర్లేదు కదా. కావాలంటే మళ్ళీ మార్పించుకో. చిన్నప్పటి నుంచీ నువ్వు కోరుకున్నది అదే.

తమ్ముడు


లోపలి గది నుంచి

తమ్ముడూ,

అవి డాక్టరమ్మ దగ్గరే ఉండనీ. నాకు ఇవే కావాలి. మరలు ఎముకలో గట్టిగా పట్టేశాయట, ఇక నేనున్నంత కాలం కదలవని చెప్పింది.

అమ్మాయి రోజూ వస్తోంది. తిండి తింటున్నాను, అబద్ధం కాదు. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాం. నిన్న అలమారు సర్దుతుంటే నీ పెళ్ళి ఫోటోలు దొరికాయి. నిజంగానే ఒక కవరు నీకు ఇవ్వలేదురా. మీ మామగారు కళ్ళు మూసుకుని పడ్డ ఫోటోలన్నీ ఏరి మీ బావ పక్కన పెట్టారు. మీద "మేస్త్రీకి ఇవ్వాలి, ఏడిపించాలి" అని రాసుకున్నారు. ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను.

అవి చూసి అమ్మాయీ నేనూ నవ్వాం. ఆయన పోయాక మొదటిసారి. నా చెయ్యి వెంటనే లేచింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను తమ్ముడూ, ఎవరూ తియ్యమనలేదు.

అక్క